బామ్మ మా వీధికొచ్చింది

మా అమ్మాయి తరగతిలో ముప్ఫైమంది పిల్లలకీ కలిపి ఒక బామ్మ ఉంది. బామ్మంటే ఒక ముసలి సొరచేప. దాని రెక్కకు పరిశోధకులు చిన్న యంత్రం బిగించి వదిలారు. అది నీళ్ళపైకి వచ్చినప్పుడల్లా ఎక్కడుందో కబురు పంపుతుంది. టీచరు ఆ జాడ కంప్యూటర్లో చూసి చెబితే, గోడ మీది సముద్రం పటంలో ఎర్ర గుండుసూది మార్చి గుచ్చే పని మా అమ్మాయిది. ఏడాదిగా ఆ పని ఇంకెవరి చేతికీ పోనివ్వలేదు.

ఇదంతా మా అమ్మాయి అన్నం తింటూ చెప్పేది. నేను ఊఁ కొట్టేవాణ్ణి. వినడం వేరు, ఊఁ కొట్టడం వేరు.

నేను చేపల పడవ నడుపుతాను. కిందటి నెల మా వలలో పెద్ద సొర ఒకటి చిక్కుకుంది, ప్రాణాలతోనే. వాటిని వదిలెయ్యాలని రేవులో గోడ మీద బొమ్మలతో సహా రాసే ఉంది. వదలాలంటే వల కొయ్యాలి. వలేమో కొత్తది. మా బావమరిది కత్తి తీసుకుని నా మొహం చూశాడు.

"కోసేద్దామా బావా?"

"వల జోలికెళ్ళావంటే ఊరుకోను."

అది చాలాసేపు కొట్టుకుంది. నేను అటు తిరిగి, బాగానే ఉన్న ఇంజన్ని బాగుచేస్తున్నట్టు నటించాను. రేవు చేరకముందే దాన్ని కోసి, ఎవరి కంటా పడకుండా దాటించేశాం. రెక్కకున్న యంత్రాన్ని మాత్రం విప్పి జేబులో వేసుకున్నాను. పనికిరాని వస్తువులంటే నాకు చిన్నప్పట్నుంచీ మోజు. ఇంటికొచ్చి డాబా పిట్టగోడ మీద పెట్టి మరిచిపోయాను. ఈ సొరా ఆ బామ్మా ఒకటేనని నాకు తట్టనే లేదంటే ఎవరూ నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా.

రెండు రోజులకి అమ్మాయి బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. "నాన్నా, బామ్మ మన వీధిలో ఉందట. కంప్యూటర్లో చుక్క ఇక్కడే కనిపిస్తోంది."

"బస్సెక్కి వచ్చుంటుంది. టికెట్ తీసుకుందో లేదో కనుక్కోవే" అంది మా ఆవిడ.

"యంత్రం పాడై ఉంటుందన్నారు టీచర్."

పిట్టగోడ మీద పెట్టిన యంత్రం నాకప్పుడు గుర్తొచ్చింది. ఏదో ఒకటి అనాలి గనక, "ఒక్క సొర లేకపోతే సముద్రానికేం తక్కువవుతుంది, అమ్మలూ?" అన్నాను.

"అలా అంటావేంటి నాన్నా? సొరలు తిరిగే చోట తాబేళ్ళు భయపడి ఒకేచోట సముద్రం గడ్డి అంతా మేసెయ్యవు. అడుగున గడ్డి ఉంటేనే చేపపిల్లలు దాక్కుని పెరుగుతాయి. పెరిగితేనే నీ వలలో పడతాయి. సొరలకి పదేళ్ళు దాటితేగానీ పిల్లలు కూడా పుట్టవట. నువ్వు చేపలు పట్టేవాడివి, నీకు తెలీదా?"

తెలుసు. ఏటికేడు వల తేలికవుతోందని మా అందరికీ తెలుసు. కూర్చున్న కొమ్మ నరుక్కోవడమంటే ఇదేనని ఆ పూట తెలిసింది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని డాబా ఎక్కి, ఆ యంత్రాన్ని మసిగుడ్డలో చుట్టి, పనిముట్ల ఇనప్పెట్టెలో అడుగున పెట్టేశాను.

మర్నాడు అమ్మాయి సంతోషంగా వచ్చింది. "చుక్క కనిపించట్లేదు నాన్నా. బామ్మ మళ్ళీ లోతుకెళ్ళిపోయిందేమోనని అందరం చప్పట్లు కొట్టాం."

నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వారం తిరక్కుండానే అమ్మాయి సైకిల్ గొలుసు ఊడింది. నేను ఇంట్లో లేను. సాయంత్రం పెట్టె తెరిస్తే పానాలు అటూ ఇటూ అయి ఉన్నాయి. అడుగున మసిగుడ్డ లేదు. యంత్రాన్ని శుభ్రంగా తుడిచి, బడికి తీసుకెళ్ళే తెల్ల చేతిరుమాల్లో మూటగట్టి ఉంది. దాని మీది నంబరు అమ్మాయికి కంఠతా వచ్చు.

భోజనాల దగ్గర "ఉప్పు ఇటివ్వు నాన్నా" అంది, అంతే. నా మొహం చూడలేదు. తిట్టినా బాగుండేది.

పొద్దున్నే ఆ మూట జేబులో పెట్టుకుని బడికి వెళ్ళాను. నన్ను చూడగానే టీచరు మొహం విప్పారింది.

"రండి, మీ గురించే అనుకుంటున్నాం. బామ్మ మీ పడవ పక్కనుంచే వెళ్ళిందటగా, బాగానే ఉందటగా. మీ అమ్మాయి చెప్పింది."

పటంలో నీలం బాగా చిక్కగా ఉన్నచోట ఎర్ర సూది గుచ్చి ఉంది. ముప్ఫైమందీ బామ్మను చూసొచ్చిన మనిషి వైపు చూస్తున్నారు. మా అమ్మాయి మాత్రం వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. కొత్త వల పోతుందని నేను ఒక ప్రాణం తీశాను. నా పరువు పోతుందని పదేళ్ళ పిల్ల అబద్ధమాడింది. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది.

మూట బల్ల మీద పెట్టి ముడి విప్పాను.

"నేను చూసిన మాట నిజమేనండీ. బాగుందన్నది మాత్రం నిజం కాదు" అన్నాను.

అమ్మాయి లేచి పటం దగ్గరికెళ్ళి, సూది పీకి పట్టుకుని నా వైపు తిరిగింది. నన్ను నాన్నా అని పిలవలేదు.

"ఎక్కడ?" అంది.

వేలు పెట్టి చూపించాను.