వస్తా అన్నారు

బయలుదేరేలోపు చేయవలసినవి:

ఇరవై నాలుగు పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, అసలు పేరు తారుమారు కాలేదని సరిచూడాలి.
శాకాహారులు పదకొండు మంది. చేప ఉడికించిన నీళ్ళు పోసిన కూర శాకాహారం కాదని కొండ కింది హోటలువాళ్ళకి ఇంకోసారి చెప్పాలి.
అరవై దాటినవాళ్ళకి విడివిడిగా ఫోన్ చేసి మోకాళ్ళ సంగతి, బీపీ మాత్రల సంగతి అడగాలి.
ఏసీ చలి వేరు, అక్కడి చలి వేరు అని గ్రూపులో పెట్టాలి. చేతి తొడుగులు, మేజోళ్ళు రెండేసి జతలు.
అందరి ఫోన్లలో అక్కడ పనిచేసే సిమ్.
గైడుకి తెలుగు రాదు. పెద్దవాళ్ళలో కొందరికి కంగారులో ఇంగ్లీషు రాదు. కొండకి వెళ్ళే రోజంతా నేను ఆఫీసులో ఫోన్ దగ్గరే ఉండాలి.

స్పందన ఏ పనైనా ఇలా కాగితం మీద రాసుకుని, అయ్యాక గీత కొట్టే మనిషి. కనిగిరి పక్కన ఒక పల్లెలో, వాళ్ళ ఇంట్లో డిగ్రీ పట్టా చేత పట్టుకున్న మొదటి మనిషి ఆమె. ఆఫీసు పనిలో తప్పు జరిగితే ఇలా సర్దుకో అని చెప్పగలవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. అందుకని తప్పే జరక్కుండా చూసుకోవడం నేర్చుకుంది. సింగపూర్ వచ్చి మూడేళ్ళు. యీషున్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, ఇక్కడి తెలుగువాళ్ళను యాత్రలకు పంపే చిన్న ఆఫీసులో పనిచేస్తోంది. యజమాని హరిదాస్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, మాట చివర ఇక్కడివాళ్ళలాగే ‘లాహ్’ తగిలిస్తాడు.

ఈసారి యాత్ర కొరియాకి. నాలుగు రోజుల్లో ఒక రోజు పొద్దున్నే బస్సెక్కి తూర్పు కొండలకు వెళ్ళడం, శరత్కాలానికి ఎర్రబారిన అడవిని చూసి పొద్దుగూకేలోపు దిగి రావడం. సింగపూర్ ఏడాది పొడుగునా ఒకే పచ్చదనం, ఒకే ఉక్కపోత ఉన్న ఊరు కదా, ఆ ఫొటోలు గ్రూపులో పెట్టిన రెండు రోజుల్లో బస్సు నిండిపోయింది. లలితకుమారి ఆంటీ మాత్రం పేరు ఇచ్చి మరీ వెక్కిరించింది.

“ఎండుటాకులు చూడ్డానికి విమానం ఎక్కాలంటే స్పందనా? మా బ్లాకు కింద రోజూ బస్తాలకి బస్తాలు ఊడుస్తారు. అక్కడ నిలబెట్టి ఫొటో తియ్యరాదూ!”

గోపాలకృష్ణ గారు వెక్కిరించలేదు. ఆయనకి డెబ్బై రెండు. మలేషియాలో, పెరాక్ రబ్బరు తోటల మధ్య పుట్టి, ఇరవై ఏళ్ళు నిండకుండానే పని వెతుక్కుంటూ దక్షిణానికి దిగి వచ్చి, తువాస్ ఓడల యార్డులో ముప్ఫై ఒక్క ఏళ్ళు వెల్డింగు చేసి రిటైరయ్యారు. భార్య పుష్పవల్లి గారితో జురాంగ్ వెస్ట్ ఫ్లాటులో ఉంటారు. ఆయన తెలుగులో మలయ్, తమిళం కలిసి ఉంటాయి, భోజనాన్ని మాకన్ అంటారు. అయినా స్పందనకి ఆ మాట వింటే సొంత మనిషి మాట్లాడినట్టే ఉండేది. మోకాళ్ళ సంగతి అడగడానికి ఫోన్ చేసినప్పుడు ఆయనే ఎదురు ప్రశ్న వేశారు.

“మాకన్ అయిందా అమ్మాయ్? సరే, ఒకటి చెప్పు. ఆకు రాలేటప్పుడు సప్పుడవుద్దా?”

“నాకేం తెలుసు అంకుల్, నేనూ చూడలేదు.”

“అయితే విని వచ్చి చెప్తాలే.”

తర్వాత పుష్పవల్లి గారు ఫోన్ అందుకున్నారు. ఆమెకి మెట్లెక్కే ఓపిక లేదు, అందుకని వెళ్ళడం లేదు. “ఆయన్ని ఒక కంట కనిపెట్టమని ఆ గైడుకి చెప్పమ్మా. నొప్పంటే నోరు తెరిచే మనిషి కాదు. యార్డులో కాలి మీద ఇనుప పలక పడితే, సాయంత్రం లారీ దిగి ఇంటికొచ్చి బూటు విప్పేదాకా ఎవరికీ చెప్పలేదు.”

స్పందన అది కూడా కాగితం మీద రాసుకుంది. గైడు యూన్‌కి చెప్పింది. చెప్పాక గీత కొట్టింది.

కొండకి వెళ్ళింది శనివారం. హరిదాస్ ఆ రోజు ఆఫీసుకి రాలేదు. స్పందన ఒక్కతే రెండు ఫోన్లూ ఛార్జింగుకి పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ గ్రూపులో ఫొటోలు. ఎర్ర చెట్లు, పసుపు చెట్లు, చెట్ల కింద చెవుల దాకా టోపీలు లాక్కున్న తెలుగు మొహాలు. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చిన ఫొటోల్లో కొండ పైసగం కనిపించలేదు. తెల్లగా ఏదో దిగుతోంది. “పొగమంచు వచ్చేసింది, ఎంత బాగుందో!” అని ఎవరో రాశారు.

అక్కడి గడియారం ఇక్కడికన్నా గంట ముందు. బస్సు బయలుదేరవలసింది అక్కడి నాలుగింటికి, అంటే ఇక్కడ మూడింటికి. మూడూ పదికి యూన్ ఫోన్ చేశాడు. మెత్తగా మాట్లాడే మనిషి, ఆ పూట మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

ఇరవై ముగ్గురు ఎక్కారు. ఒకరు రాలేదు. గోపాలకృష్ణ. వాగు పక్క దారిన పైకి వెళ్ళడం ఇద్దరు చూశారు. ఫోన్ చేస్తే ఎత్తారు గానీ ఆయన భాషలో ఏదో అంటున్నారు, నాకు తెలియడం లేదు. మంచు దిగుతోంది. ఇంకో గంటలో ఇక్కడ చీకటి. పార్కు వాళ్ళకి చెబితే మనుషుల్ని పైకి పంపుతారు, కానీ ఇప్పుడే చెప్పాలి. మీరు అడిగి చెప్పండి. ఆయన వస్తున్నారా, లేదా?

స్పందన వెంటనే గోపాలకృష్ణ గారికి ఫోన్ చేసింది. మూడో రింగుకి ఎత్తారు. ముందు గాలి హోరు వినిపించింది, తర్వాత ఆయన ఊపిరి.

“అంకుల్, ఏడున్నారు?”

“అమ్మాయ్! ఇక్కడే... చెట్టు కింద. ఎర్రగా కాల్చిన ఇనుము ఉంటాది చూడు, అచ్చం ఆ రంగే. ముప్ఫై ఏళ్ళు అద్దం అడ్డం పెట్టుకుని చూశాను ఆ రంగుని. ఇప్పుడు ఒట్టి కళ్ళతో చూస్తన్నాను.”

“అంకుల్, బస్సు మీకోసం ఆగింది. అందరూ ఎక్కారు.”

“అవునా? అయ్యో. కొంచెం కాలు... ఏం లేదులే. పొగలాగ దిగతంది అమ్మాయ్. నువ్వు మాకన్ చేశావా?”

“మూడు దాటింది అంకుల్. చీకటి పడతది అక్కడ. తొందరగా, సరేనా?”

“సరే, సరే. వస్తా.”

ఆయన ఫోన్ పెట్టేశారు.

స్పందన యూన్‌కి ఫోన్ చేసి అంది, “హి ఈజ్ కమింగ్. హి టోల్డ్ మీ.”

యూన్ హమ్మయ్య అనడం కూడా వినిపించింది. అయితే పార్కు వాళ్ళని కంగారు పెట్టను, ఆగుతాను అన్నాడు.

మూడున్నరకి గోపాలకృష్ణ గారికి మళ్ళీ చేసింది. రింగవుతోంది, ఎత్తడం లేదు. రాళ్ళ మీద దిగుతూ ఫోన్ ఎలా ఎత్తుతారు, ఎత్తకపోవడమే మంచిది అనుకుంది. యూన్‌కీ అదే చెప్పింది. మూడు నలభైకి బస్సులోంచి లలితకుమారి ఆంటీ ఫోన్. ఈసారి వెక్కిరింపు లేదు. “ఎంతసేపమ్మా? కిటికీ అవతల ఏం కనిపించట్లా. ఇందాకటి చెట్టు కూడా కనిపించట్లా.” మూడు యాభైకి గోపాలకృష్ణ గారి ఫోన్ స్విచాఫ్. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుందని యూన్ అన్నాడు. ఆఫీసు అద్దాల బయట ఎండ మండిపోతోంది, ఎదుటి బస్టాపులో ఒకామె గొడుగు వేసుకుని నిలబడింది. అక్కడ చీకటి పడుతోందని తెలిసినా, ఈ ఎండలో కూర్చున్న స్పందన మనసుకి అది ఎక్కలేదు.

నాలుగింటికి ఆఫీసు ఫోన్ మోగింది. పుష్పవల్లి గారు.

“అమ్మాయ్, ఆయన బస్సెక్కారా? మూడింటప్పుడు వీడియోలో చెట్లు చూపించారు. నాకు ఆయన గొంతు నచ్చలేదు. కూలబడి ఉన్నారు. లేవండి అంటే లేస్తాను, లేస్తాను అంటన్నారు.”

“దిగుతున్నారు ఆంటీ. మీ తర్వాతే నాతో మాట్లాడారు. వస్తానన్నారు.”

“బయిల్దేరాను అన్నారా?”

“వస్తా అన్నారు.”

“ఎప్పుడన్నారు? మాట మధ్యలోనా, ఫోన్ పెట్టేటప్పుడా?”

ఆ ప్రశ్న ఎందుకో స్పందనకి ముందు అర్థం కాలేదు. “పెట్టేటప్పుడే ఆంటీ. సరే వస్తా అని పెట్టేశారు.”



“అమ్మాయ్... ఫోన్ పెట్టేసేటప్పుడు ఎప్పుడూ అంతే గదా ఆయన అనేది. నాతో అదే అన్నారు. మావాళ్ళం అందరం అంతే అంటాం. మా అమ్మ అంతే, మా అన్న అంతే. మరి మీరేమంటారు?”



“మేము ఉంటానంటాం ఆంటీ.”

గుమ్మం దాటేటప్పుడు వస్తా అనడం ఆమె ఎరుగును. పోతా అనకూడదని వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఫోన్లో మాత్రం వాళ్ళ వైపు ‘సరే, ఉంటా మరి’ అంటారు. ఫోన్లో వస్తా అంటే నిజంగా లేచి వస్తున్నట్టే. రబ్బరు తోటల తెలుగువాళ్ళు, చుట్టూ ఉన్న తమిళుల అలవాటో ఏమో, ఫోన్‌కీ గుమ్మానికీ ఒకే మాట వాడతారు. ఈ మూడేళ్ళలో స్పందన ఆయనతో ఎన్నోసార్లు మాట్లాడింది. ప్రతిసారీ ఆయన ఆ మాటతోనే పెట్టేసి ఉంటారు. ఒక్కసారీ చెవిన పెట్టలేదు. చెవిన పెట్టిన ఆ ఒక్కసారీ తప్పుగా విన్నది.

నాలుగూ ఐదుకి యూన్‌కి ఫోన్ చేసింది. “హి ఈజ్ నాట్ కమింగ్. ఐ వాజ్ రాంగ్. కాలికి ఏదో అయింది. వాగు పక్కన చెట్టు కింద కూర్చుని ఉన్నారు. ఇప్పుడే చెప్పండి, ఇప్పుడే.” యూన్ తిట్టలేదు. పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు మాత్రం వినిపించింది. పార్కు వాళ్ళు లైట్లతో పైకి వెళ్ళారు. మంచులో వేసిన లైటు వాళ్ళ కళ్ళల్లోకే తిరిగి కొట్టిందట. రెండు గంటలు పిలిచి పిలిచి దిగి వచ్చారు.

మర్నాడు ఉదయం మంచు విడిచాక దొరికారు. దారికి కొంచెం అవతల, వాగు రాళ్ళ దగ్గర, చెట్టుకి వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. చీలమండ విరిగింది. ఆ చలికి ఆ వయసు నిలబడలేదు. ఆ యాభై అయిదు నిమిషాలు ముందు వెళ్ళి ఉంటే? యూన్ ఆ మాట అనలేదు. డాక్టరు అన్నాడు. వెలుతురు ఉండగా అయితే, దారి మీంచే ఆయన టోపీ కనిపించేదని పార్కు వాళ్ళు అన్నారట.

సోమవారం హరిదాస్ రిపోర్టు రాయమన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, రెండు రోజులుగా నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అని రాయి స్పందనా. అది అబద్ధం కూడా కాదు లాహ్. లైన్ కట్ అయింది కదా?”

“లైన్ బాగానే ఉంది సార్. నేను బాగానే విన్నాను.”

“ఒక్క మాట! ఎవరికి తెలుస్తుంది?”

“పుష్పవల్లి ఆంటీకి సగం తెలుసు. మిగతా సగం నేను చెప్పాల.”

ఆ సాయంత్రమే జురాంగ్ వెస్ట్ వెళ్ళింది. తలుపు తీసింది కూతురు శాంతిని. పుష్పవల్లి గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. స్పందన కూర్చోలేదు. యూన్ ఏం అడిగాడో, పార్కు వాళ్ళకి చెప్పనా అన్నప్పుడు తను ఏం బదులిచ్చిందో, ఎన్ని నిమిషాలు అలా గడిచిపోయాయో అంతా వరసగా చెప్పింది. ‘కొంచెం కాలు’ అన్న మాట విని కూడా దాటేశానని చెప్పింది.

శాంతిని గోడవైపు తిరిగింది. “ఫిఫ్టీ ఫైవ్ మినిట్స్,” అంది. “యూ జస్ట్ వెయిటెడ్.”

“అవును.”

పుష్పవల్లి గారు క్షమించాననీ అనలేదు, పొమ్మనీ అనలేదు. చివరికి అడిగారు, “అక్కడి పేపర్లో వేశారంట గదా. ఏం రాశారు?”

స్పందన ఫోన్ తీసి చదివి తెలుగులో చెప్పింది. శరత్కాల పర్యాటకుల్లో ఒకరి మృతి. డెబ్బై రెండేళ్ళ విదేశీ వ్యక్తి. పెద్దవాళ్ళు కొండ దారుల్లో జాగ్రత్తగా ఉండాలని అధికారుల సూచన.

“పేరు?”

“వేయలేదు ఆంటీ.”

“ఊరు కూడానా?”

“లేదు.”

“నువ్వు చదువుకున్నావు గదా. నువ్వు రాయి.”

కాబట్టి ఇది చదివినవారికి ఒక మనవి. ఆయన పేరు బండారు గోపాలకృష్ణ. పెరాక్ రబ్బరు తోటల్లో పుట్టారు. తెల్లవారుజామునే లారీ ఎక్కి, తువాస్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఓడల అడుగుల కింద పడుకుని వాటికి అతుకులు వేశారు. పలకరిస్తే ముందు తిన్నావా అని అడిగేవారు. ఎక్కడైనా ఆకులు ఎర్రబారిన చెట్టు మీ కంటబడితే, ఆ కాసేపు ఆయన్ని గుర్తు చేసుకోండి.