రాత్రిదొడ్డి వేలం

క్లైవ్ ఆస్పినాల్ ఒక్కడుంటే చాలు, ఊరికి వేరే చీడ అక్కర్లేదు. విల్ఫ్ గార్బట్ ఈ మాట పబ్బులో అన్నాడు, చర్చి మెట్ల మీద అన్నాడు, క్లైవ్ ముఖం మీదా అన్నాడు. మార్ల్‌స్టోలో ఆ మాట వినని చెవి లేదు. విన్నవాళ్లంతా తలూపారు. ఊపి, మర్నాడు క్లైవ్ ఎదురైతే నవ్వుతూ చెయ్యి కలిపారు.

తలూపడమంటే ఒకప్పుడు ఆ ఊళ్లో అంత చవక కాదు. మంగళవారం సంతలో, ఎనిమిది పలకల బరి చుట్టూ కమ్మీలు పట్టుకు నిలబడ్డ జనంలో, తల అంగుళం కదిలితే గొర్రె చేతులు మారేది. చెవి గోక్కుంటే ఎద్దు ఇంటికొచ్చేది. అందుకే గార్బట్ల ఇంట్లో పిల్లలకి నడక వచ్చీరాగానే కదలకుండా నిలబడటం నేర్పేవాళ్లు. వేలం పాట పెరిగి పెరిగి ఆగాక, పాడించే పెద్దాయన రాండల్ ఆస్పినాల్ సుత్తి పైకెత్తి, గేటు పక్కనున్న అమ్మేవాడి కేసి చూసేవాడు. "ఏం, వదిలేయనా?" అమ్మేవాడు తలూపితే సుత్తి పడేది. అప్పుడు కొన్నవాడొచ్చి అమ్మినవాడి అరచేతిలో తన అరచెయ్యి చరిచేవాడు. అమ్మినవాడు జేబులోంచి ఒక నాణెం తీసి వాడి చేతిలో పెట్టేవాడు. సరుకు కొన్నవాడికి కలిసిరావాలని. కలిసొచ్చే కాసు అనేవాళ్లు దాన్ని. కాసు పెట్టేదాకా బేరం సగమే. పెట్టాక ఇక రాణీగారొచ్చి చెప్పినా తిరగదు.

ఆ రాండల్ కొడుకే ఈ క్లైవ్. గాలికుంటు వచ్చిన ఏడాది దేశమంతా సంతలు మూతపడ్డాయి. జబ్బు పోయాక మిగతా ఊళ్లు గేట్లు తెరుచుకున్నాయి, మార్ల్‌స్టో తెరవలేదు. అప్పటికి రాండల్ మట్టిలో ఉన్నాడు. క్లైవ్ దొడ్లన్నీ సూపర్‌మార్కెట్‌కి అమ్మేసి, ఇళ్ల బేరాలు చేసే ఆఫీసు పెట్టుకున్నాడు. దొడ్లున్న చోట కార్లు నిలిచాయి. పదిహేనేళ్లకే బడి మానేసి బరిలోకి గొర్రెల్ని తోలిన విల్ఫ్, యాభై ఎనిమిదో ఏట అదే నేల మీద ట్రాలీలు తోలుతున్నాడు. "గొర్రే నయం. అదిలిస్తే కదిలేది," అనేవాడు.

విల్ఫ్‌కి మిగిలిందల్లా రాత్రిదొడ్డి. సంతను ఆనుకుని నాలుగెకరాల పైచిలుకు గడ్డి నేల. పశువులు కాలినడకన సంతకొచ్చే రోజుల్లో, సోమవారం రాత్రి అవి పడుకునే చోటు. ముత్తాత కొన్నాడు, తాత గోడ కట్టాడు, తండ్రి గేటూ నీటి తొట్టీ పెట్టాడు. విల్ఫ్ చేసిందేమీ లేదు, అమ్మకుండా ఉండటం తప్ప. అదీ ఒక పనే అని ఆ ఊళ్లో ఎవరికీ తెలీదు.

ఆ గాలికుంటు ఏడాదే క్లైవ్ అతన్ని ఒక మాటైనా అడక్కుండా, అది సంత స్థలమేనని అధికారులకు చెప్పి, జబ్బు పాకుతుందని సర్కారు చంపించిన గొర్రెల కళేబరాలు అక్కడ తగలబెట్టించాడు. అవి ఆమోస్ త్రేల్ మంద. ఆమోస్ కొండ మీది గొర్రెల కాపరి, పొడుగ్గా, వంగిపోయి, కుడి బొటనవేలికి గోరు లేకుండా ఉండేవాడు. మూడు వందల పన్నెండు గొర్రెలు. ఒక్కదానికీ జబ్బు లేదని తర్వాత తేలింది. పొగ పది రోజులు ఊరి మీదే పడుకుంది. మంట ఆరాక ఆమోస్ విల్ఫ్ గుమ్మంలోకొచ్చాడు.

"ఆ నేల నాకిచ్చేయ్ అబ్బాయ్. వాటి మధ్య కూర్చునే చోటు కావాలి నాకు."

"గార్బట్లు నేల అమ్మరు, ఆమోస్. వచ్చి కూర్చో, ఎవడొద్దన్నాడు?"

"ఇంకొకడి నేలలో నా మంద నిలవదు," అని వెళ్లిపోయాడు ముసలాయన. ఆ చలికాలంలోనే పోయాడు. మంట పెట్టిన పల్లంలో ఆ తర్వాత దురదగొండి తప్ప ఏమీ మొలవలేదు.

ఇదంతా పాత సంగతి. కొత్త సంగతి ఏమిటంటే, రాత్రిదొడ్డి వెనకాల పొలాల్ని క్లైవ్ కొని, అరవై ఇళ్లు కట్టడానికి అనుమతి తెచ్చుకున్నాడు. ఆ ఇళ్లకి దారి కావాలి. దారంటే రాత్రిదొడ్డి మీదుగానే. మూడుసార్లు వచ్చి అడిగాడు, మూడుసార్లూ విల్ఫ్ టీ అయినా ఇవ్వకుండా పంపేశాడు. నాలుగోసారి క్లైవ్ వేరే పాట ఎత్తుకున్నాడు. కూల్చకుండా మిగిలిపోయిన పాత బరిని ఊరి చరిత్ర చూపించే మ్యూజియం చేశాడు. దాని కమిటీకి పెద్ద తనే.

"మంగళవారం మధ్యాహ్నం తెరుస్తున్నాంరా. నువ్వూ రావాలి," అన్నాడు సూపర్‌మార్కెట్ ముందు కారాపి. "మీ నాన్న టోపీ పెట్టుకుని గేటు పక్కన నిలబడు. ఫొటోలకి బాగుంటావ్."

"నన్నూ అద్దాల పెట్టెలో పెడతావా, దొరా?"

"పెట్టేవాణ్ణే. నీ కొలతకి అద్దం దొరకలేదు." క్లైవ్ నవ్వాడు. "దారి సంగతి కూడా అందరి ముందూ చెప్తాను. ఊరి మేలుకి అడ్డం పడేది ఎవడో ఊరే చూస్తుంది."

సరే, ఊరంతా చూస్తుండగానే కుదరదని చెప్తా, అనుకున్నాడు విల్ఫ్. అందుకే వెళ్లాడు. టోపీ కూడా పెట్టుకున్నాడు.

నవంబరు మధ్యాహ్నం, మూడింటికే వెలుగు మసకబారింది. బరి చుట్టూ మెట్ల బల్లల మీద ఓ నలభై మంది, చేతుల్లో వైను గ్లాసులు. గోడలకి పాత ఫొటోలు. రంపపు పొట్టు ఉండాల్సిన నేల మీద నున్నటి పలకలు. సంత కాఫీ కొట్టు నడిపిన హిల్డా ముసలమ్మ మాత్రం గ్లాసు వద్దని కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చుంది. విల్ఫ్ గేటు పక్కన, తండ్రి నిలబడే చోట నిలబడ్డాడు.

"ఏరా విల్ఫూ, చలిగా లేదూ?" అంది హిల్డా.

"హీటర్లు పెట్టారుగా, అమ్మా."

"పెడితే పెట్టారు. ఇది ఆ చలి కాదు."

క్లైవ్ బరి మధ్యకొచ్చి తండ్రి గురించి నాలుగు మాటలు చెప్పి, ఆయన ఆఖరి వేలం రికార్డు పెట్టాడు. స్పీకర్లలోంచి రాండల్ గొంతు వచ్చింది, మొదట గరగరమంటూ, తర్వాత శుభ్రంగా, పక్కనే నిలబడి పాడుతున్నంత శుభ్రంగా. గొర్రెలు, పొట్టేళ్లు, అంకెల మీద అంకెలు. జనం ముచ్చటగా విన్నారు. విల్ఫ్ మాత్రం వాళ్ల మోచేతుల్ని చూస్తున్నాడు. అందరూ కొంచెం కొంచెంగా ఒదుగుతున్నారు. ఎవరో పక్కన కూర్చుంటే చోటిచ్చినట్టు. ఎవరూ కూర్చోలేదు. ఒకావిడ తన చేతిసంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది, ఎందుకు తీసిందో తనకే తెలియనట్టు. తడిసిన ఉన్ని వాసన వచ్చింది. దాని అడుగున సన్నగా పొగ.

అప్పుడు రాండల్ గొంతు అంది: "తర్వాతి సరుకు, రాత్రిదొడ్డి. గార్బట్ వారిది. గోడ, గేటు, నీటి తొట్టితో సహా. ఎవరు మొదలెడతారు?"

జనం నవ్వి చప్పట్లు కొట్టారు. ఇదేదో కమిటీ వాళ్లు కట్టిన నాటకం అనుకున్నారు. క్లైవ్ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. విల్ఫ్ వైపు చూశాడు. ఈ వేళాకోళం విల్ఫ్‌దే, అమ్మడానికి దిగొచ్చి అందరి ముందూ ధర పెంచుకుంటున్నాడు అనుకున్నాడు కాబోలు, రంగు తిరిగి వచ్చేసింది. చెయ్యెత్తాడు.

"మూడు వందలు!" వేలల్లో అని వేరే చెప్పక్కర్లేదు, క్లైవ్ ఇళ్ల ధరలన్నీ అలాగే చెప్తాడు.

"మూడు వందలు, మా వాడి దగ్గర," అంది గొంతు. "అవతల, కమ్మీ దగ్గర... మూడు వందల పన్నెండు."

అవతల కమ్మీ దగ్గర ఎవరూ లేరు. విల్ఫ్ కళ్లు అలవాటు కొద్దీ అటే వెళ్లాయి. నలభై ఏళ్లు వేలం పాటల్ని కనిపెట్టి చూసిన కళ్లు అవి, మనిషి కంటే ముందు వేలు చూస్తాయి. కమ్మీ మీద ఒక బొటనవేలు నెమ్మదిగా తడుతోంది. దానికి గోరు లేదు. వేలి వెనక ఏముందో చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు.

"ఒకటోసారి, మూడు వందల పన్నెండు. రెండోసారి."

క్లైవ్ పెంచబోతూ గుండెల నిండా గాలి పీల్చాడు. ఆ పీల్చడం విల్ఫ్‌కి వినబడింది. సంత మూసేసినవాడు, అడక్కుండా మంట పెట్టించినవాడు, చచ్చిన తండ్రి గొంతు వేలం వేస్తున్నా ధర కట్టేవాడు. వద్దు అని తల అడ్డంగా ఆడిస్తే చాలు, పాట అక్కడితో పోయేది. విల్ఫ్‌కి ఆ సంగతి తెలుసు. కానీ ఆ క్షణంలో అతని తలలో ఉన్నది ఒక్కటే. ఎవడికైనా పోనీ, వీడికి మాత్రం కాదు.

"ఏం విల్ఫ్, వదిలేయనా?"

విల్ఫ్ తలూపాడు.

బరిలో సుత్తి లేదు. అది ఫొటోల కింద అద్దాల పెట్టెలో ఉంది. దెబ్బ మాత్రం అందరికీ వినబడింది. గ్లాసుల్లో వైను వణికింది. రికార్డు మళ్లీ గరగరమంటూ పొట్టేళ్లలోకి వెళ్లిపోయింది. జనం ఇంకోసారి చప్పట్లు కొట్టారు, ఈసారి కొంచెం పలచగా.

విల్ఫ్ అరచేతిలో ఒక అరచెయ్యి పడింది. మంచులో రాత్రంతా నిలబెట్టిన ఇనప గేటులా ఉంది. అతని రెండో చెయ్యి అప్పటికే జేబులో ఉంది. ఆలోచించి పెట్టుకున్నది కాదు. అతని తండ్రి చెయ్యి, తాత చెయ్యి, కొన్నవాణ్ణి వట్టి చేతుల్తో పంపని చేతులన్నీ కలిసి అలా తవ్వి తీశాయి. పౌండు నాణెం ఒకటి. గాలిలో పెట్టాడు. అది కింద పడలేదు.

క్లైవ్ దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "నాటకం బాగుందిరా! నీకింత హాస్యం ఉందనుకోలేదు. ఇంతకీ మూడు వందల పన్నెండన్నది ఎవడు? సరే, మూడు వందల ఇరవై అనుకో. రేపు కాగితాలు తెస్తాను."

"పాట అయిపోయింది," అన్నాడు విల్ఫ్.

హిల్డా కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. ఆమె క్లైవ్ కేసి చూడలేదు. "కాసు పెట్టావా?" అంది గుసగుసగా.

"పెట్టాను."

"అయ్యో నాయనా. పెట్టకపోతే బేరం పోయేదిగా!"

"చెయ్యి ఆగలేదమ్మా."

"ఎలా ఆగుతుంది? గార్బట్ల చెయ్యి," అంది ముసలమ్మ. కోటు కాలరు పైకి లాక్కుని వెళ్లిపోయింది.

తెల్లారి విల్ఫ్ రాత్రిదొడ్డికి వెళ్లాడు. గేటు ఎప్పటిలాగే కీచుమంది. లోపలికి అడుగు వేశాడు. అడుగు రోడ్డు మీద పడింది. గేటు అతని వీపు వెనక ఉంది, మూసి ఉంది. మళ్లీ తీశాడు, మళ్లీ రోడ్డు మీదే తేలాడు. గోడెక్కి దూకాడు, దూకింది రోడ్డు మీదికే. మోకాలు దోక్కుపోయింది. చివరికి కమ్మీల సందులోంచి చూస్తూ నిలబడ్డాడు. లోపల మంచు కమ్మి ఉంది. మంచులో గొర్రెల వీపులు, ఒకదాన్నొకటి ఆనుకుని మేస్తున్నాయి. మంట పెట్టిన పల్లంలో దురదగొండి లేదు, పచ్చటి గడ్డి. పొడుగాటి మనిషొకడు వంగి, ఒక్కో వీపునూ చేత్తో తాకుతూ లెక్కపెట్టుకుంటూ పోతున్నాడు.

"ఆమోస్!" అని పిలిచాడు విల్ఫ్. "ఒక్కసారి రానీ. నాన్న పెట్టిన తొట్టి చూసుకుని పోతాను."

మనిషి తలెత్తలేదు. తన నేలలో తన పని చేసుకుంటున్నవాడు దారినపోయేవాళ్లకి జవాబివ్వాలనేముంది?

పదింటికి క్లైవ్ వచ్చాడు, కొలతలు తీసే మనుషుల్ని వెంటేసుకుని. వాళ్లు టేపు పట్టుకుని గేట్లోంచి లోపలికి వెళ్లారు, రోడ్డు మీదికి వచ్చారు. రెండోసారి వెళ్లిరాగానే ఒకడు టేపు కింద పడేసి వ్యానులో కూర్చున్నాడు, ఎంత పిలిచినా దిగలేదు. క్లైవ్ తనే వెళ్లాడు. మూడుసార్లు వెళ్లాడు. మూడోసారి బయటికొచ్చేసరికి అతని ఖరీదైన కోటు నిండా పొగ వాసన.

"ఎవడికి అమ్మావురా?" అని అరిచాడు. "చెప్పు, ఎవడికి?"

"నువ్వు అప్పున్నవాడికి."

"నేనెవడికీ అప్పు లేను!"

"అయితే గేటు తీసి లోపలికెళ్లి చెప్పుకో, దొరా."

క్లైవ్ వెళ్లలేదు. ఆ అరవై ఇళ్లూ లేవలేదు. అయినా అతనికేం పోలేదు, పొలాలు ఇంకొకడికి అంటగట్టి బయటపడ్డాడు. అలాంటివాళ్లకి ఎప్పుడూ ఏమీ పోదు. ఈమధ్య ఊరి చరిత్ర మీద ఉపన్యాసాలిస్తున్నాడట, బల్లల నిండా జనమట. ఎందుకో అందరూ ఒదిగి కూర్చుంటారట.

విల్ఫ్ ఇప్పటికీ సూపర్‌మార్కెట్‌లో ట్రాలీలు తోలుతున్నాడు. మంగళవారాలు టీ తాగే వేళకి గేటు దగ్గరికెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడతాడు, అంగుళం కదలకుండా. మంచు పలచగా ఉన్న రోజున తండ్రి పెట్టిన తొట్టి అంచు కనబడుతుంది. దాని వెనక తాత గోడ, ఆ వెనక ఏమీ కనబడదు. అతనికి పోయింది నాలుగెకరాల ముప్ఫై ఒక్క సెంట్లు.