బ్రాండీ గుండె చుట్టూ నలుపు

తెర మీద ఆ నలుపు నీడేమో అనుకున్నాను, కాదట, రక్తమట, గుండె చుట్టూ ఉండే సంచిలో చేరిందట, పశువుల డాక్టర్ ఫియోనా స్కానింగ్ ప్రోబ్‌ను బ్రాండీ పక్కటెముకల మధ్య ఒత్తిపట్టి చూపిస్తోంది, ఆ నల్లటి మడుగులో గుండె అటూ ఇటూ ఊగుతోంది, గొరిగిన చోట చర్మం ఎంత పలచగా ఉంది, ఇంత దట్టమైన బొచ్చు కింద ఇంత లేత చర్మం ఉంటుందని నాకేం తెలుసు, నాకసలు కుక్కల గురించి ఏం తెలుసు, పక్కింటి డెనిస్ తుంటి విరిగి కార్క్ నగరంలో ఆసుపత్రికి వెళ్తూ స్ట్రెచర్ మీంచే తాళంచెవి నా చేతిలో పెట్టి, రాజ్, రెండు వారాలు దీన్ని చూసుకో, అది నిన్నేమీ అడగదు అన్నాడు, అన్నట్టే ఏమీ అడగలేదు, ఈ ఉదయం కొత్త ఇళ్ళు కడుతున్న క్రేన్ల పక్కనుంచి నడిపిస్తుంటే నాలుగడుగులు తూలి కాళ్ళు మడిచి కూలబడింది, అప్పుడు కూడా నా వైపు చూసిందే తప్ప మూలగలేదు, ముప్పై కిలోల కుక్కని కారు దాకా ఎలా మోశానో, నేను పనిచేసే రింగాస్కిడీ ప్లాంటుకి ఫోన్ చేసి షిఫ్టుకి రానని చెప్పానో లేదో కూడా గుర్తులేదు.

ఇక్కడ చూడండి, అంటోంది ఫియోనా, ప్రతి దెబ్బకీ గుండె కుడి గది లోపలికి నొక్కుకుపోతోంది, బయటి ఒత్తిడికి నిండలేకపోతోంది, అందుకే చిగుళ్ళు అంత పాలిపోయాయి, సూది పెట్టి ఈ రక్తం తీసేస్తే లేచి నడుస్తుంది, కానీ, అని ప్రోబ్ కొంచెం పక్కకి వంచింది, గుండె అంచున బూడిద రంగు ముద్ద ఒకటి అంటుకుని ఉంది, కంతి, దాన్నుంచి రక్తం మళ్ళీ కారుతుంది, రోజులో, వారాలో, నెలలు మాత్రం చెప్పలేను, వద్దనుకుంటే ఇప్పుడే మందిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చేయొచ్చు, ఏదైనా పది నిమిషాల్లో చెప్పండి, అంతకన్నా ఇది తట్టుకోదు, ఇది మీ కుక్కేనా, కాదు, అయితే దీని సొంతవాళ్ళని అడగండి.

గాల్వేలో ఉండే డెనిస్ కూతురు ఓర్లాకి చేశాను, ఏడ్చింది, తర్వాత గొంతు సర్దుకుని, నిద్రపుచ్చేయమనండి, డాడీకి మాత్రం ఏమీ చెప్పొద్దు, ఆపరేషనై మూడు రోజులే అయింది, అడిగితే గ్రాండ్‌గా, బ్రహ్మాండంగా ఉందనండి, ఇంటికొచ్చాక నిద్రలో పోయిందని నేను చెప్పుకుంటాను, సరే అన్నాను, ఎంత తేలిగ్గా వచ్చింది ఆ సరే, ఇంతే తేలిగ్గా ఇంతకుముందూ ఒకసారి అన్నాను, గుంటూరులో, ఇలాంటి తెర పక్కనే, నా భార్య సుగుణకి ఏడో నెల, తను బయట చెప్పులు వేసుకుంటుంటే డాక్టరమ్మ నన్నొక్కణ్ణే ఆపి, బిడ్డ గుండె కొట్టుకోవట్లేదండీ, సోమవారం అడ్మిట్ చేద్దాం, అప్పటిదాకా ఆమెకి చెప్పకండి అంది, సరే అన్నాను, బయటికొచ్చి అంతా బాగానే ఉందట అన్నాను, శనివారం, ఆదివారం, సుగుణ పొట్ట మీద చెయ్యి వేసుకుని ఏవో కబుర్లు చెబుతూనే ఉంది, నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూనే ఉన్నాను, ఎనిమిదేళ్ళయింది, ఒక్కసారే అడిగింది, ఐర్లండ్ వచ్చిన కొత్తలో, గిన్నెలు ప్రెస్‌లో, ఇక్కడ అలమరని అలాగే అంటారు, సర్దుతూ, నా వైపు తిరక్కుండా, ఆ రెండు రోజులూ నేను బిడ్డతో మాట్లాడుతుంటే ఎట్టా చూస్తా కూర్చున్నారు మీరు, నీ మంచికే అన్నాను, ప్రెస్ తలుపు మూసేసింది.

ఆరు నిమిషాలైంది, ఫియోనా గడియారం వైపు చూడటం లేదు, కావాలనే చూడటం లేదు, బ్రాండీ చెవి నా వేళ్ళ మధ్య చల్లబడుతోంది, వార్డు నంబరు నా ఫోన్‌లో ఉంది, చెబితే ముసలాయనకి ఏమైనా అయితే, ఓర్లా ఊరుకుంటుందా, నొక్కేశాను, నర్సు, ఒక్క నిమిషం, చక్రాల చప్పుడు, ఆ తర్వాత డెనిస్, రాజ్, ఎలా ఉంది నా బ్రాండీ పిల్ల, గ్రాండ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, అనేస్తే ఫోన్ పెట్టేయొచ్చు, డెనిస్, బాలేదు, అన్నాను, రక్తం, కంతి, సూది, రోజులు, ఓర్లా అన్నది కూడా, మొత్తం చెప్పాను, అవతల ఎక్కడో ట్రే కిందపడింది, నొప్పిగా ఉందా దానికి, అన్నాడు, లేదంటున్నారు, ఆయాసమే, పక్కన ఎవరున్నారు, నేనే, తీయించు రాజ్ ఆ రక్తం, సాయంత్రం కారులో ఇక్కడికి తీసుకురా, వీళ్ళు నన్ను చక్రాల కుర్చీలో కార్ పార్క్ దాకా తోస్తారు, తోయకపోతే పాక్కుంటూ అయినా వస్తాను, మిగతాది దాని మొహం చూసి చెప్తాను, ఓర్లా సంగతి నాకొదిలేయ్.

తీయండి అన్నాను, సూది దిగింది, గొట్టంలోకి ముదురు ఎరుపు వస్తూనే ఉంది, తెర మీద కుడి గది మెల్లగా విచ్చుకుంది, కాసేపటికి బ్రాండీ తల ఎత్తబోయింది, పట్టుకున్నాను, డెనిస్‌కి ఏమీ కాలేదు, విన్నాడు, తట్టుకున్నాడు, ఏం చేయాలో తనే చెప్పాడు, సుగుణ కూడా తట్టుకునేది, ఏడ్చేది, నన్ను కొట్టేదేమో, ఆ రెండు రోజులు తన బిడ్డతో ఎలా గడపాలో తనే తేల్చుకునేది, నేను కాపాడింది ఆమెని కాదు, చెబుతూ ఆమె మొహం చూడాల్సి వచ్చే ఆ ఒక్క నిమిషం నుంచి నన్ను నేను కాపాడుకున్నాను.