అక్క గొంతు

మాట రాని పిల్లల కోసం నేను బొమ్మల ట్యాబ్ తయారుచేస్తాను. బొమ్మ నొక్కితే అది మాట పలుకుతుంది. నిజామాబాద్ పసుపు యార్డు వెనక ఒక గది, ఇద్దరు మనుషులు, అంతే మా ఆఫీసు.

కమ్మర్‌పల్లి ఊళ్లో ఉండే సుష్మకు పన్నెండేళ్లు. ట్యాబ్‌లో మేం పెట్టిన గొంతు వార్తలు చదివే ఆమెలా పలికేసరికి చెవులు మూసుకుని గోడవైపు తిరిగిపోయింది. ఇంట్లోవాళ్లలా పలికే గొంతు కావాలన్నాను. వాళ్లమ్మ భూమవ్వ ఫోన్ తెచ్చి పెద్దకూతురు స్నేహలత మాటలు వినిపించింది. దుబాయిలో ఉన్న తండ్రికి రోజూ పంపిన వాయిస్ మెసేజ్‌లు, గంటల కొద్దీ ఉన్నాయి. ఆ పిల్ల జ్వరంతో పోయి ఏడాది. అంత మంచి గొంతు దొరకడం నా అదృష్టమనుకున్నాను. సిగ్గు లేకుండా అలాగే అనుకున్నాను.

ఆ మెసేజ్‌లతో తయారుచేసిన కొత్త గొంతు పెట్టిన రోజు సుష్మ నీళ్ల బొమ్మ నొక్కింది. స్నేహలత తల్లిని పిలిచినట్టే "అవ్వా, నీళ్లు" అంది ట్యాబ్. భూమవ్వ చేతిలోని చెంబు జారిపోయింది. సుష్మ నవ్వింది. నేను పొంగిపోయి బస్సెక్కాను.

నెల తర్వాత పెత్రామాస నాడు, చనిపోయినవాళ్ల పేరిట అన్నం పెట్టే అమావాస్య నాడు, మళ్లీ వెళ్లాను. పీట మీద ట్యాబ్, దానికి పసుపు కుంకుమ. ముందు విస్తరిలో అన్నం, పప్పు, గారెలు. సుష్మ గోడకు ఆనుకుని విస్తరి వైపే చూస్తోంది.

"రోజు ఆకలైతుంది అంటది సారు. పెట్టకుంటె ఎట్ల?" అంది భూమవ్వ.

"ఎవరు?"

"మా స్నేహ."

"మరి సుష్మకు?"

"పూటకింత పెడుతున్న. అదెన్నడు ఆకలని అనదు."

ట్యాబ్‌లో ఏ బొమ్మ ఎన్నిసార్లు నొక్కారో చూశాను. ఈ నెలలో ఆకలి బొమ్మ మూడు వందల సార్లు. సుష్మ మణికట్లు పుల్లల్లా ఉన్నాయి.

"నొక్కేది సుష్మ, అవ్వా. ఆకలి సుష్మది. గొంతు మారుస్త, ఇటియ్యి."

భూమవ్వ ట్యాబ్‌ను ఒడిలోకి లాక్కుంది. "నా బిడ్డను మల్ల సంపుతవా సారు?"

సుష్మ లేచి వచ్చింది. తల్లి ఒడిలోకి వంగి, తెర మీద బొమ్మల మధ్య ఉన్న తన ఫోటోను తానే నొక్కింది.

"సుష్మ" అంది ట్యాబ్, చనిపోయిన పిల్ల గొంతుతో. మళ్లీ నొక్కింది. మళ్లీ. నేనిక్కడున్నానని తల్లికి చెబుతోంది. నాకు అర్థమైంది.

భూమవ్వ ముఖం వెలిగిపోయింది. చిన్నకూతురి తల నిమిరింది.

"పో బిడ్డ" అంది. "అక్క పిలుస్తుంది."