ఒట్టు పెట్టని పిల్ల

"అంతయ్య సారు పొద్దుపొద్దున పోరగాండ్లతోని ఒట్లు వెట్టిస్తుండట. ఒట్టు తప్పితే కండ్లు వోతయ్ గదా, గప్పుడు ఎవలు జిమ్మేదారి?" అని బాయికాడ రామవ్వ అన్నదట. ఆ మాటను నీళ్ల బిందెతో పాటు మోసుకొచ్చి నా వాకిట్లో దించింది పక్కింటి లింగవ్వ. "నీ పెనిమిటే గదనే అనసూర్యా, జర చెప్పరాదు?" అంది.

నేను గారెలకు పప్పు రుబ్బుతున్నాను. మర్నాడు బడికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. బడిలో ఇద్దరమే పంతుళ్లం, మా ఆయన హెడ్మాస్టరు, నేను రెండో టీచర్ని. వచ్చినవాళ్లకు వంట మాత్రం నా ఒక్కదానిదే. ఆయన్ను బడిలో 'సార్' అని పిలవాలి. ఇంట్లో అసలు పిలవకూడదు.

ఆ ఏడు, అంటే అరవై ఆరులో, పైనుంచి కాగితం వచ్చింది. రోజూ ప్రార్థన కాగానే పిల్లలు కుడిచెయ్యి చాపి దేశం మీద ప్రతిజ్ఞ చెప్పాలి. మా ఊళ్లో చెయ్యి చాపి పలికింది పాఠం కాదు, ఒట్టే. దీపం మీద పెట్టినా, బిడ్డ నెత్తిన పెట్టినా, తప్పినవాళ్లు బాగుపడరు.

అందుకే నాలుగో తరగతి నర్మద నోరు విప్పలేదు. బీడీలు చుట్టే కొమురవ్వ బిడ్డ అది. బడి మొత్తంలో దానిలా గుక్క తిప్పుకోకుండా చదివే పిల్ల లేదు. "అందరు నా తోబుట్టువులని ఎట్లంట పంతులమ్మా? నిన్ననే బాలలక్ష్మిని కొరికిన. అది మా అవ్వను తిట్టింది. మల్ల తిడితే మల్ల కొరుకుత," అంది నాతో. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. దాని అరచేతులు వాచేదాకా కొట్టి, నా వైపు తిరిగి, "ఏమే, రేపటికల్ల నేర్పియ్. ఇన్‌స్పెక్టర్ ముంగట చెప్పకుంటే రిజిస్టర్ల పేరు కొట్టేస్త," అన్నాడు. పేరు పోతే ఆ పిల్ల ఎల్లుండి నుంచి తల్లి పక్కన కూర్చుని తునికాకు కత్తిరించడమే.

రుబ్బుతూ ప్రతిజ్ఞను లోలోపల చెప్పుకున్నాను. అందులో తల్లిదండ్రులున్నారు, గురువులున్నారు, పెద్దలున్నారు, చివరికి జంతువులు కూడా ఉన్నాయి. పెళ్లాం లేదు. నిరుడు ఇన్‌స్పెక్టర్ నా లెక్కల పాఠాన్ని మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో చెంప పగిలింది. పెట్టె సర్దుకుని పెద్దపల్లికి, మా అవ్వ దగ్గరికి, బయల్దేరితే దీపం మీద చెయ్యి పెట్టి ఇంక కొట్టనని ఒట్టేశాడు. "మొగోడు ఒట్టే వెట్టిండు, ఇంకేం గావాలె నీకు?" అంది అత్త. ఇరవై రోజులకు ఒట్టు తప్పాడు. "మొగోని ఒట్టు గట్లనే ఉంటది, నువ్వే సదురుకోవాలె," అంది అదే అత్త. ఆయన కళ్లకేమీ కాలేదు. తొమ్మిదేళ్ల పిల్ల మాత్రం మాట తప్పుతానేమోనని దెబ్బలు తింటోంది. పిల్లలు ప్రతిజ్ఞ చెప్పాలా వద్దా అని నన్నెవరూ అడగలేదు. అడిగితే, చెప్పించేవాళ్లు ముందు చెప్పాలని, అదీ ఊరంతా చూస్తుండగా చెప్పాలని అనేదాన్ని. రోలు పక్కన కూర్చుని ఆ దృశ్యాన్ని ఊహించుకుంటే కడుపులో చల్లగా అనిపించింది.

చేతులు కడుక్కుని కొమురవ్వ ఇంటికి పోయాను. "రేపు బడికి రా. రామవ్వను, వాడకట్టు ఆడోళ్లను తోలుకొనిరా. ఒట్టు మొదలు సారును వెట్టుమను," అన్నాను.

కొమురవ్వ చేతిలో బీడీ ఆగింది. "సారు నీ మొగడాయె గదమ్మా?"

"అందుకే చెప్తున్న."

మర్నాడు పదిమంది ఆడవాళ్లు బడి ముందర కూర్చున్నారు. ఇన్‌స్పెక్టర్ ముందర కూడా నర్మద ప్రతిజ్ఞ చెప్పలేదు. కొమురవ్వ లేచి అడగాల్సింది అడిగింది. "అడిగిందాంట్ల తప్పేమున్నది? కానియ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. మా ఆయన ఛాతీ విరిచి, చెయ్యి చాపి, ఖంగుమని మొత్తం ఒప్పజెప్పాడు. పూర్తయ్యేదాకా ఆగి నేను ముందుకొచ్చాను.

"దీపం మీద నాకు వెట్టిన ఒట్టు గూడ చెప్పుండ్రి సార్."

చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"ఏం ఒట్టు బిడ్డా?" అంది రామవ్వ.

"నన్ను కొట్టనని." కొంగు తీసి, మొన్నటి దెబ్బకు కమిలిన జబ్బ చూపించాను. ఆయన నుదుటి మీద చెమట పుట్టడం, కనుబొమ్మ దాటి జారడం రెప్ప వెయ్యకుండా చూశాను. కొంగు వెంటనే కప్పుకోబుద్ధి కాలేదు. ఇంకాసేపు చూడనిమ్మనుకున్నాను అందరినీ.

ఇన్‌స్పెక్టర్ చూపు తిప్పుకున్నాడు. "ఇంటి సంగతులు బడిలెందుకమ్మా? పిల్ల విషయం చూడండి."

అది చాలు ఆయనకు. చెయ్యి దించి, "రిజిస్టర్ తియ్. నర్మద పేరు కొట్టెయ్," అన్నాడు నాతో.

రిజిస్టర్ నా చేతిలోనే ఉంది. మూసి చంకన పెట్టుకున్నాను.

"కొట్టెయ్య. అది ఒట్టు వెట్టలే, తప్పలే. మీరు వెట్టి తప్పిండ్రు. కొట్టేసుడైతే మొదలు మీ పేరు కొట్టేస్త."