గాలిలో ఆగే ఇంజను

ముందు చప్పుడు మారింది. షెడ్డు వెనుక, చెట్లకు అవతల, కంటికి ఏదీ కనిపించని ఎత్తులో, నిండుగా మోగుతున్న ఇంజను ఒకసారి గొంతు సవరించుకుంది. మళ్ళీ మోగింది. మళ్ళీ తడబడింది. ఆ తరువాత, మాట మధ్యలో లేచి వెళ్ళిపోయిన మనిషిలా, చప్పున ఆగిపోయింది. నా చేతిలోని స్పానరు బోల్టు మీదే నిలిచిపోయింది. ఆకాశంలో ఇక గాలి తప్ప ఏ సవ్వడీ లేదు.

బయటికి పరుగెత్తి చూశాను. చెట్ల కొసల మీదుగా తెల్లని రెక్క తేలి వచ్చింది. రెక్క కింద మూడు చక్రాల తొట్టె, తొట్టెలో మా వదిన. తొందర లేదు, తొట్రుపాటు లేదు. కొట్టులో పరదా గుడ్డ మడత పెట్టినంత నిదానంగా ఇటొక వంపు తిరిగింది, అటొక వంపు తిరిగింది, గడ్డి రన్‌వే మొదట్లో వెనుక చక్రాలు ఆనించింది, ఆపైన ముందు చక్రం దించింది. నోరు మూసుకున్న బండి గడ్డి మీద జారుకుంటూ వచ్చి షెడ్డు ముందే ఆగింది.

"మళ్ళీ అలిగింది నీ ఇంజను," అంది వదిన హెల్మెట్ తీస్తూ. "నీళ్ళ టవరు దగ్గరి దాకా బాగానే పాడింది. అక్కడికి రాగానే మూగనోము పట్టింది."

"నా ఇంజనుకు అలకలు రావు. నువ్వే ఏదో అని ఉంటావు."

"నేనా? దాన్ని పల్లెత్తు మాట అనలేదు. నీకంటే దాన్నే ఎక్కువ గౌరవిస్తాను."

వదిన పరదాలు, సోఫా తొడుగులు కుడుతుంది. నేను నీటి పంపులు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేస్తాను. ఆదివారాల పిచ్చి మాత్రం ఇద్దరిదీ ఒక్కటే. రెక్క పాతదే కొన్నాం. తొట్టె గొట్టాలు కోసి, బిగించి, మేమే తయారుచేసుకున్నాం. ఇంజను మాత్రం నాది: గోదాము మూలన తుప్పు పట్టి పడి ఉన్న టూ-స్ట్రోకును ముక్క ముక్కా విప్పి, కడిగి, పిస్టన్లు మార్చి ప్రాణం పోశాను. నేల మీద, స్తంభానికి తాడేసి కట్టి ఎంతసేపు తిప్పినా ఆగదు. గాలిలోకి లేస్తే, టీ చల్లారేంత సేపటికి ఆగిపోతుంది. ఇది రెండోసారి.

మేష్టారు కర్ర ఊపుకుంటూ వచ్చారు. ఆ మైదానంలో ఎగిరే వాళ్ళందరికీ ఎగరడం నేర్పింది ఆయనే. ఏ బండి లేవాలో, ఏది లేవకూడదో చెప్పేదీ ఆయనే.

"చక్కగా దిగావు తల్లీ," అన్నారు వదినతో. "కానీ ఇలా చక్కగా దిగడం అలవాటు కాకూడదు." తరువాత నా వైపు తిరిగారు. "పొద్దు వాలేలోగా కారణం చూపించు. కారణం తెలియని బండిని నేను పైకి వదలను. రెక్క విప్పించి దూలాలకు వేలాడదీయిస్తాను. ఇంజనును మళ్ళీ గోదాముకే పంపించుకో."

నా బదులు వదినే అంది: "చూపిస్తుంది లెండి. అది తన ఇంజనని మరిచిపోకండి."

అంత ధీమాగా అనేసింది. ఆ ధీమా నిలబెట్టాల్సింది మాత్రం నేను.

టీ ఫ్లాస్కుతో వచ్చిన అన్నయ్య బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "మీ ఇద్దరి మాటలూ వినలేక ఆగిపోతోంది పాపం. నేను రోజూ ఇంట్లో ఆగిపోవడం లేదూ?"

"నువ్వు అసలు స్టార్టయితే కదా, ఆగడానికి," అంది వదిన.

నేను నవ్వలేదు. ప్లగ్గులు విప్పాను. కొసలు బిస్కెట్టు రంగులో ఉన్నాయి. అంటే లోపలి మంటలో తేడా లేదు. కార్బురేటరు అడుగు గిన్నె విప్పి చూశాను. నిండుగా ఉండాల్సిన గిన్నెలో అడుగంటి నాలుగు చుక్కలు. నా వెన్ను నిటారుగా లేచింది. ఇంజనుకు జబ్బు లేదు, ఆకలి. పెట్రోలు రావడం లేదు, అంతే. ఫిల్టరు ఊది చూశాను, శుభ్రంగా ఉంది. పైపు వెంట వేళ్ళు నడిపాను, ఎక్కడా మడత లేదు. పంపు పొర చిరగలేదు. ఇక మిగిలింది ట్యాంకు.

"వదినా, తొడుగు తియ్యి. ట్యాంకు చూడాలి."

ట్యాంకుకు ఒక తొడుగు ఉంది. వదిన కుట్టింది. దుమ్ము పడకుండా, ఎండ తగలకుండా, లోపల రబ్బరు పూత ఉన్న వాన గుడ్డతో, అంచంతా రెండు వరుసల కుట్టుతో, మూత మీద కూడా బిగుతుగా కూర్చునేలా. అంత అందమైన తొడుగు మా సోఫాకు కూడా లేదు. నూనె చేతులతో దాన్ని ముట్టుకోకూడదని నాకు కట్టడి. అందుకే ఎగిరే ముందు తొడిగేదీ వదినే, దిగాక విప్పేదీ వదినే. నేను నేల మీద ఇంజను తిప్పేటప్పుడు మాత్రం, పెట్రోలు మట్టం కనపడాలని, ఆ తొడుగు ఎప్పుడూ పక్కనే మడత పెట్టి ఉంటుంది.

వదిన గుండీలు విప్పి తొడుగు పైకి లేపింది.

తెల్లని ప్లాస్టిక్ ట్యాంకు రెండు పక్కలా లోపలికి పీక్కుపోయి ఉంది, పుల్ల ఐసును గట్టిగా చప్పరిస్తున్న పిల్లదాని బుగ్గల్లా. మూత మీద చెయ్యి వేసి ఒక్క తిప్పు తిప్పాను. స్స్స్ మంటూ గాలి లోపలికి దూసుకుపోయింది. ట్యాంకు ఠక్కున పొంగి మామూలు ఆకారానికి వచ్చింది.

మూతలో గుండుసూది పట్టేంత చిల్లు ఉంటుంది. పెట్రోలు బయటికి పోయినకొద్దీ, ఆ జాగాలోకి గాలి రావడానికి. ఆ చిల్లు మీద రబ్బరు గుడ్డ పడింది. పంపు లాగినకొద్దీ గుడ్డ ఇంకా బిగిసింది. చివరికి పంపు బలం చాలలేదు.

"అదన్నమాట!" అన్నాడు అన్నయ్య. "ముక్కు మూసి పరుగెత్తమన్నారు దాన్ని."

వదిన ముఖంలో రంగు మారింది. రెండు సార్లు ఆకాశంలో ఇంజను ఆగినప్పుడు కూడా నేను చూడని రంగు అది. దెప్పడానికి నాకు ఇంతకంటే మంచి అవకాశం జన్మలో రాదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి, "పంపు కాస్త బలహీనమైనదే పెట్టానులే. నా తప్పు కూడా ఉంది," అన్నాను.

"నన్ను ఓదార్చకు," అంది వదిన. తొడుగును తిరగేసి, మూత కూర్చునే చోటును బొటనవేలితో తడిమింది. "నేను కుట్టింది ఏదీ ఇంతవరకు కొట్టుకు తిరిగి రాలేదు. ఇవాళ ఆకాశంలోంచి తిరిగొచ్చింది." అని, ఒక నిట్టూర్పు తరువాత తనే నవ్వేసింది. "కత్తెర ఇలా ఇవ్వు."

"ఆగండి," అన్నారు మేష్టారు. ఎప్పుడు వచ్చారో, మా వెనకే ఉన్నారు. "ఇదే కారణమని మీరు అనుకుంటున్నారు. అనుకోవడం నాకు చాలదు. మొదట చంపి చూపించండి. తరువాత బతికించి చూపించండి."

బండిని స్తంభానికి కట్టాం. తొడుగు వేసి గుండీలన్నీ పెట్టాం. ఇంజను తిప్పి, పూర్తి వేగానికి తెచ్చాను. గడ్డి వెనక్కి వాలిపోయింది, అన్నయ్య టోపీ ఎగిరిపోయింది. ఇంజను ఆగాలని ప్రార్థించడం నా జీవితంలో అదే మొదలు. టీ చల్లారింది. ఇంజను గొంతు సవరించుకుంది, తడబడింది, నేల మీదే, మా అందరి ముందు, సరిగ్గా ఆకాశంలో ఆగినట్టే ఆగిపోయింది. నేను చప్పట్లు కొట్టాను. ఆగిన ఇంజనుకు చప్పట్లు కొట్టిన మెకానిక్కును చూసి మేష్టారు మీసాల్లో నవ్వుకున్నారు.

వదిన గడ్డి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చిల్లు కత్తిరించి వదిలేస్తే చాలునన్నాను. వినలేదు. "కత్తిరించి వదిలితే పోగులు లేస్తాయి. పోగులు మళ్ళీ చిల్లులోకే పోతాయి." కాలరుకు గుచ్చుకున్న సూది తీసి, మూత మొత్తం బయటికి వచ్చేలా గుండ్రంగా కత్తిరించి, అంచు వెంట కాజా కుట్టింది. పోగు పక్కన పోగు, ముడి పక్కన ముడి. చొక్కా గుండీకి కుట్టే కాజానే, అరచేయంత పెద్దది. పని ముగించి, తొడుగు నా చేతికిచ్చింది.

"నువ్వు చూసి చెప్పు."

"నా చేతులు నూనెగా ఉన్నాయి."

"చూడమన్నానా? చూడు."

చూశాను. అంచు చుట్టూ వేలు తిప్పాను. నల్లని మరక పడింది. వదిన తుడవలేదు.

ఈసారి తొడుగుతోనే ఇంజను తిప్పాం. టీ చల్లారింది. అన్నయ్య రెండో కప్పు పోసుకున్నాడు, అదీ చల్లారింది. ఇంజను ఒకే గొంతుతో, ఒకే శ్రుతిలో, అలుపు లేకుండా పాడుతూనే ఉంది. చివరికి మేష్టారే చెవులు మూసుకుని, "చాలు తల్లీ, నమ్మాను, ఆపు!" అని అరిచారు.

ట్యాంకు నింపి, తాళ్ళన్నీ మరోసారి లాగి చూసి, వదిన బండెక్కింది. పొద్దు ఇంకా వాలలేదు. మైదానమంతా పసుపు వెలుగు. గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచి మెల్లగా ఊగుతోంది. బండి గడ్డి మీద పరుగెత్తింది, తేలికైంది, లేచింది.

మేష్టారు రేడియో నా చేతిలో పెట్టారు. ఆ మైదానంలో కొత్త బండికి పేరుండదు. రేడియోలో దాన్ని అందరూ "కొత్త బండి" అనే పిలుస్తారు. నీళ్ళ టవరు దాటి వెనక్కి తిరిగిననాడు, నడిపినవారే దాని పేరు పైనుంచి చెప్పాలి. వదిన ఏం చెబుతుందో అన్నయ్యకే తెలియదు.

ఆగదని నాకు తెలుసు. కారణం తెలుసు, విరుగుడు తెలుసు, రెండూ కళ్ళారా చూశాను. అయినా చెవి నా మాట వినలేదు; దూరమవుతున్న చప్పుడును దారంలా పట్టుకుని వదలనంది. టవరు దగ్గరైంది. చప్పుడు సాగింది. టవరు పక్కకు జరిగింది. చప్పుడు సాగింది. తెల్లని రెక్క టవరును వెనకేసుకుని, ఇంకా ముందుకు, కొండ అంచు దాకా వెళ్ళి, అప్పుడు గానీ తీరిగ్గా మలుపు తీసుకోలేదు.

రేడియో గరగరమంది.

"గ్రౌండ్, ఇది కొత్త బండి. టవరు ఎప్పుడో దాటాను. ఇంజను భేషుగ్గా ఉంది."

మేష్టారు నా భుజం మీదుగా రేడియో వైపు వంగారు. "విన్నాం తల్లీ. పేరు చెప్పు."

వదిన గొంతు వెనుక ఇంజను నిండుగా మోగుతోంది.

"గొంతు పెద్దది, పట్టు వదలదు, ముక్కు మూస్తే మాత్రం ఊరుకోదు. అందరూ వినండి. దీని పేరు ఆడపడుచు!"