వసపిట్ట టేపు

చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం ఆయనది. అద్దం తలుపున్న చిన్న గదిలో పేషెంటుని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, "చప్పుడు వినపడగానే బటన్ నొక్కండి" అని చెప్పి, బయట కూర్చుని మీటలు తిప్పుతాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళో ఎవరి చెవికి ఎంత వినపడుతుందో ఆయనకి తెలుసు. ఆయన చెవికి ఎంత వినపడుతుందో మాత్రం ఆయన భార్యకే తెలుసు. ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. "రోజంతా కౌంటర్ అవతల వాళ్ళు నా మాట ఒక్కసారికే వింటారు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని మూడుసార్లు చెప్పాలి," అని నవ్వేది.

ఆయనకి ఒక పిచ్చి ఉంది. పేకాట కాదు, మందు కాదు. ఆ రెండిట్లో ఏదో ఒకటైతే బంధువుల్లో చెప్పుకోడానికైనా బాగుండేది. ఎప్పుడో నలుగురు జులపాల వాళ్ళు గిటార్లు పట్టుకుని ఊరూరా తిరిగి, చివరికి తిట్టుకుని విడిపోయారు. ఆ రాక్ బ్యాండ్ కచేరీల రికార్డింగులు పోగెయ్యడం ఆయన పిచ్చి. షాపుల్లో దొరికేవి కావు, అవి ఎవడైనా కొంటాడు. జనంలో నుంచుని, టోపీలో మైకు దాచుకుని, సంచిలో టేప్ రికార్డర్ పెట్టుకుని ఎవరో దొంగచాటుగా పట్టుకొచ్చినవి. అలాంటివి ఆయన దగ్గర రెండు వందల పధ్నాలుగున్నాయి.

"అన్నింట్లోనూ అదే పాట కదండీ?" అని పెళ్ళయిన కొత్తలో ఆవిడ అడిగింది.

"అదే పాట ఎలా అవుతుంది? ఇందులో డ్రమ్స్ వాయించేవాడికి జలుబు," అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఇలాంటి వాళ్ళు ఇంకో నలభై మంది ఉన్నారు, ఒకళ్ళని మించినవాళ్ళు ఒకళ్ళు. వాళ్ళకి కట్టుబాట్లున్నాయి. అమ్మకూడదు, కొనకూడదు. నీ టేపు నాకు, నా టేపు నీకు, అంతే. ప్రతి రికార్డింగుకీ జాతకంలాగా ఒక కాగితం ఉంటుంది: ఎవరు పట్టారు, ఏ మెషిను, హాల్లో ఎక్కడ నుంచున్నారు, ఎన్ని చేతులు మారింది. ఆ నలభై మందిలో మన ఆయన మాటంటే సుగ్రీవాజ్ఞే. ఇంట్లో ఉప్పు సంగతి అక్కడెవరికీ తెలీదు మరి.

ఆ రెండు వందల పధ్నాలుగింట్లో ఆయన ప్రాణమంతా ఒక్కదాని మీదే. ఆ బ్యాండ్ ఈ ఊరికి ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఒకే ఒక్కసారి వచ్చింది. ఆ రోజు ఆయన గవదబిళ్ళలతో మంచం మీదున్నాడు. మూతికి గుడ్డ కట్టుకుని ఏడ్చాడు కూడా. ఆ కచేరీని పట్టిన టేపు ఒకే ఒక్కటి. పట్టినాయన పోయాడు, అసలు క్యాసెట్ బూజుపట్టి పోయింది, నకళ్ళు మాత్రం అందరి దగ్గరా ఉన్నాయి. దాని పేరు వసపిట్ట టేపు.

పేరు ఊరికే రాలేదు. హాలంతా ఊపిరి బిగబట్టి, గిటారు ఒక్కటే సన్నగా మోగే చోట, సరిగ్గా మైకు పక్కనే ఒక కుర్రాడి గొంతు: "అక్కా, నాన్నకి ఏం చెప్దాం?"

"స్పెషల్ క్లాసని చెప్పు," అని అక్క.

"క్లాసు నీకు. నాకెందుకు?"

ఆ పిల్ల పకపకా నవ్వుతుంది. రికార్డు చేసే మనిషి పళ్ళ బిగువున "ష్!" అంటాడు. దాంతో నవ్వు రెట్టింపవుతుంది. ఇలా పదకొండు నిమిషాలు. నలభై మందికీ ఆ మాటలు కంఠతా వచ్చు. కలుసుకుంటే "నాన్నకి ఏం చెప్దాం" అనే పలకరించుకునేవాళ్ళు. ఆ వసపిట్టని తిట్టని వాడు లేడు. మన ఆయనైతే, అది ఎక్కడైనా కనిపిస్తే నోటికి ప్లాస్టరు వేస్తానని కాగితం మీద రాసి మరీ పంచాడు.

నోటికి కాదుగానీ, టేపుకి వేశాడు. కంప్యూటర్లో శబ్దాలని రంగుల మరకలుగా చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. గిటారు ఏదో, నవ్వు ఏదో తెర మీద విడదీసి, నవ్వుని చీపురుతో తుడిచినట్టు తుడవచ్చు. డ్యూటీ నుంచి రాగానే కాఫీ చల్లారబెట్టుకుని ఆ పని మీద కూర్చునేవాడు. పదకొండు నిమిషాలకి ఎనిమిది నెలలు పట్టింది. ఆఖరికి "ష్" కూడా మిగల్లేదు.

తుడిచిన టేపుని అందరికీ పంపుతూ ఒక చీటీ జత చేశాడు: "ఇక ఇదే అసలు. పాత నకళ్ళు దయచేసి చెరిపెయ్యండి. రెండూ తిరిగితే రాబోయే తరాలకి గందరగోళం." అందరూ బుద్ధిగా చెరిపేశారు. చెప్పినవాడు చెయ్యకపోతే ఏం బాగుంటుందని ఆయనా చెరిపేశాడు.

ఎదురు తిరిగింది ఒక్కడే. మందుల షాపు మూసేసి విశ్రాంతిగా ఉంటున్న ఆ పెద్దమనిషికి 'ముట్టుకోకు' అని పేరు. టేపు మీద దుమ్ము కూడా చరిత్రేనని, చరిత్రని ముట్టుకోకూడదని ఆయన వాదన. "నువ్వు చేసింది శుభ్రం కాదు, దొంగతనం," అని ఒక్క ముక్క రాశాడు. దాన్ని అందరికీ చదివి వినిపించి మన ఆయన తెగ నవ్వుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం. మామూలు మనిషి చెవికి ఎలా ఉంటుందో చూద్దామని, బట్టలు మడతపెడుతున్న భార్యని పిలిచి స్పీకర్లలో ఆ పాట పెట్టాడు. ఆవిడ రెండు నిమిషాలు విని, చేతిలో తువ్వాలుతో అలాగే ఆగిపోయింది.

"ఇది మన టౌన్ హాల్లో అయింది కదూ? మధ్యలో గిటారు తీగ తెగితే అందరూ చప్పట్లు కొట్టారు."

"నీకెలా తెలుసు?"

"నేను వెళ్ళాను. తమ్ముడూ నేనూ. ఇంట్లో చెప్పకుండా." ఆవిడ మొహం ముప్పై ఏళ్ళు చిన్నదయింది. "ఎడమ పక్క స్తంభానికి ఆనుకుని నుంచున్నాం. ఇదిగో, ఇక్కడే వాడికి భయం పట్టుకుంది. నాన్నకి ఏం చెప్దాం అక్కా అని..."

టేపు జాతకంలో 'ఎడమ స్తంభం పక్కన' అని ఉంది. స్పెషల్ క్లాసని చెప్పు. నోటిదాకా వచ్చిన ఆ జవాబుని ఆయన మింగేశాడు.

"పక్కన టోపీ పెట్టుకున్న ఒకాయన ఒకటే ష్ ష్ అని. మాకు నవ్వు ఆగలేదు." కాసేపు స్పీకర్ల వైపు చూసింది. "ఇందులో అవేం లేవే? ఆ రోజు ఇంత నిశ్శబ్దంగా లేదండీ."

"జనం గోల... ఉండదు," అన్నాడు.

"ఎక్కడైనా వాడి గొంతు పడిందేమో అనుకున్నా." తువ్వాలు మడతపెట్టడం మళ్ళీ మొదలుపెట్టింది. "ఫోటోలున్నాయి కాబట్టి మొహం మర్చిపోలేదు. గొంతే పోయిందండీ. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా నాన్న గొంతే వస్తోంది."

ఆ తమ్ముడు పందొమ్మిదేళ్ళ కిందట, జ్వరమని ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. పాపం, అతని గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఒక్క టేపులోనే. దాన్ని బావగారు ఎనిమిది నెలలు కూర్చుని, కళ్ళు కాయలు కాసేలా, చుక్క మిగలకుండా తుడిచాడు. పైగా సంతకం పెట్టి పంచాడు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికేవాళ్ళుంటారు. చంకలో పిల్ల గోల భరించలేక ఊరవతల దిగబెట్టి వచ్చిన ఘనుడు మాత్రం ఈయనే.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పట్టుకున్నాడు. నలభై మందికీ రాశాడు. "మీరు చెప్పారుగా, అదే రోజు చెరిపేశాం," అని నలభై మందీ గర్వంగా జవాబిచ్చారు. సారీ, ముప్పై తొమ్మిది మంది.

ముట్టుకోకు మూడో అంతస్తులో ఉంటాడు. తలుపు తీసి, "గోడకి ఆనుకోకు, సున్నం రాలుతుంది," అన్నాడు ముందుగా. గదంతా క్యాసెట్లు, మందుల షాపులోలాగే అక్షరాల వరసలో. తీసేటప్పుడు చేతికి గుడ్డ తొడుగులు వేసుకుంటాడు.

"వసపిట్ట టేపు పాతది కావాలి," అన్నాడు మన ఆయన.

"ఎందుకు? ఇంకా ఏమైనా తుడవాలా?"

మన ఆయన జరిగిందంతా చెప్పాడు. ఎక్కడా తనని వెనకేసుకు రాలేదు. ముసలాయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కరిగాడనే అనుకోవాలి. కానీ కట్టుబాటు కట్టుబాటే.

"టేపుకి టేపు. నువ్వు స్వయంగా పట్టిన కచేరీ ఒకటుంది. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ ఇవ్వలేదు. అది కావాలి."

మన ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గవదబిళ్ళలు తగ్గిన మరుసటేడు, రెండు రైళ్ళు మారి వెళ్ళి పట్టిన కచేరీ అది. "అది బాలేదండీ."

"ఏం?"

"నేను పాడాను."

"ఏ పాటలో?"

"అన్నింట్లో."

"శ్రుతిలోనా?"

"కాదు. ఒకచోట ఏడ్చాను కూడా."

ముప్పై ఏళ్ళుగా టేపులో పక్కవాడు తుమ్మితే క్షమించని మన ఆయనేనా ఇది! ముసలాయన నవ్వలేదు. నవ్వుంటే బాగుండేదని మన ఆయనకి అనిపించింది. "ఉన్నది ఉన్నట్టు తీసుకురా. ముట్టుకున్నావో, బేరం లేదు," అన్నాడు.

మర్నాడే తీసుకెళ్ళి ఇచ్చి, పాత టేపు తెచ్చుకున్నాడు. ఆ టేపు నలభై మందికీ చేరుతుందని, ఇక పలకరింపులు తన ఏడుపుతో మొదలవుతాయని తెలిసే ఇచ్చాడు.

సాయంత్రం ఆవిడ పోస్టాఫీసు నుంచి రాగానే, చెప్పులు విడవనివ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టాడు. పేషెంటుకి తగిలించినట్టే హెడ్‌ఫోన్లు తగిలించాడు. పాట వచ్చింది. గిటారు వచ్చింది. ఆయన ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడ "అక్కా" వచ్చిందో ఆయనకి వినకుండానే తెలిసింది.

పదకొండు నిమిషాలూ ఆవిడ కదల్లేదు. అయ్యాక మళ్ళీ పెట్టమని చెయ్యి చూపించింది. మూడోసారి అయ్యాక హెడ్‌ఫోన్లు తీసింది. కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది.

"మొన్న లేదన్నారు?"

"నేనే చెరిపాను. నువ్వని తెలీదు."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలూ నా గొంతు విన్నారా?"

"రోజూ."

"గుర్తుపట్టలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. తిడుతుందనుకున్నాడు, తిట్టించుకోడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ చిన్నగా నవ్వింది. తిట్టినా ఇంత సిగ్గుపడేవాడు కాదు, ఎందుకంటే ముప్పై ఒక్క ఏళ్ళ కిందట స్తంభం పక్కన నవ్విన నవ్వే అది. అచ్చంగా అదే. ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉంది.

"పోనీలెండి. నాకో పని చేసిపెడతారా?"

"చెప్పు."

"వాడి మాటలు సరిగ్గా వినపడట్లేదండీ. వెనకాల ఆ వాయింపుడు ఒకటే గోల. అది కాస్త తీసెయ్యడానికి అవుతుందా?"

ఆయన ఆవిడ వైపు చూశాడు, తెర వైపు చూశాడు. ఈసారి ముందు ఒక నకలు తీసి జాగ్రత్తగా బీరువాలో పెట్టాడు. తర్వాత ఆవిడ పక్కకి కుర్చీ జరుపుకుని, ముప్పై ఏళ్ళుగా ప్రాణం పెట్టుకున్న గిటారుని మరకగా గుర్తుపెట్టి, చెరపడం మొదలుపెట్టాడు.

"ఇంకొంచెం తగ్గించండి," అంది ఆవిడ.

ఒక్కసారికే విన్నాడు.